సాహస ప్రణాళికయందు ఇతివృత్త స్వరూపము

శ్రవ్యకావ్యమునకు కర్త యొకడు, పఠిత యొకడు. దృశ్యకావ్యమున వీరిరువురి నడుమ ప్రయోక్త చేరును. ఈ మూడు స్థానములు ఎవరెవరివో స్పష్టముగ నేర్పడి యుండుటచేతనే మన లక్షణగ్రంథములు ఇతివృత్తమును గూర్చి నిశ్చయముగ మాటలాడ గలిగినవి. కర్త ముగింపును వ్రాయక, ప్రయోక్త ముగింపు నెఱుగక, పాత్రధారులు తమ మాటలను తామే అప్పటికప్పుడు కల్పించుకొను ప్రయోగ మొకటి యున్నచో, దానికొఱకు ముందుగ వ్రాసి యుంచదగిన గ్రంథ మెట్టిది కావలెను? పాత్రధారణ క్రీడల నిమిత్తము పాశ్చాత్యదేశములలో రచింపబడుచున్న ‘సాహస ప్రణాళిక’లు ఈ ప్రశ్నకు సమాధానములు. గడచిన యర్ధశతాబ్దిలో ఇవి వందలకొలదిగ వెలువడినవి. వీనిని గూర్చిన చర్చయు అచట విస్తారముగ జరిగినది. అయినను ఆ చర్చ చాలవఱకు ‘ఇట్లు వ్రాయుడు, అట్లు వ్రాయకుడు’ అను ఉపదేశరూపమున నున్నది. ఆ ఉపదేశములకు మూలమైన సూత్రమేది యని విచారించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

క్రీడతో పరిచయము లేని చదువరుల కొఱకు దాని స్వరూపమును సంగ్రహముగ చెప్పవలసి యున్నది. నలుగురైదుగురు ఒక బల్లచుట్టు కూర్చుందురు. వారిలో నొకడు సూత్రధారి. ఇతనికే ‘డంజన్ మాస్టర్’ అని వ్యవహారము. తక్కినవారు తలకొక పాత్రను వహింతురు: ఒకడు ఖడ్గధారి, ఒకడు మాంత్రికుడు, ఒకడు చోరుడు, ఒకడు దేవతోపాసకుడు. వేషము లేదు, రంగస్థలము లేదు, ప్రేక్షకులును లేరు. కొండచరియలో గుహ యున్నదని, లోపలినుండి పొగ వచ్చుచున్నదని సూత్రధారి వర్ణించి, ఏమి చేయుదురని యడుగును. ఆటగాండ్రు లోపలికి పోవచ్చును, ద్వారమున పొంచియుండవచ్చును, గుహలోనివారితో సంధి చేసికొనవచ్చును, ఆ గుహనే విడిచి ఊరికి మరలిపోవచ్చును. ఫలితము సందిగ్ధమైనచో పాచిక వేసి నిర్ణయింతురు. పూట గడచిన పిమ్మట మిగులునది వారి జ్ఞాపకము మాత్రమే. లిఖితమై నిలుచునది సూత్రధారి తన ముందుంచుకొనిన ప్రణాళిక యొక్కటి. కావున సాహిత్య విమర్శకుని చేతికి చిక్కు వస్తువును అదియే.

ఇది యాట యనియు, సాహిత్య విమర్శకు పాత్రము కాదనియు ఆక్షేపించువారు మా సహాధ్యాపకులలోనే కలరు. వారికి మేము నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయమును జ్ఞప్తికి తెత్తుము. దేవతలు బ్రహ్మను కోరినది చూచుటకును వినుటకును తగిన యాటవస్తువునే. ఆ కోరికనుండియే నాట్యవేదము పుట్టినదని భరతముని చెప్పెను. ఆట యను పేరుచేత ఒకదానిని విచారణార్హము కాదనుట శాస్త్రసమ్మతము కాదు. గుణము లేదనుట వేఱు. అది చదివిన తరువాత చెప్పవలసిన మాట.

ఈ క్రీడ పుట్టుకలోనే ప్రణాళికా స్వభావ మంతయు సూచింపబడి యున్నది. 1969 ప్రాంతమున మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరములలో యుద్ధక్రీడాభిమానుల గోష్ఠి యొకటి యుండెడిది. బల్లమీద సేనల బొమ్మలను నడపి పూర్వయుద్ధముల నభినయించుట వారి వినోదము. వారిలో డేవిడ్ వెస్లీ అనునాతడు నెపోలియను కాలమునాటి బ్రౌన్‌స్టైన్ అను కల్పిత పట్టణమును రంగముగ నేర్పఱచి, ఒక్కొక్కరికి సేన నిచ్చుటకు మాఱుగ ఒక్కొక్క వ్యక్తి పాత్ర నిచ్చెను. నగరాధ్యక్షుడు, విశ్వవిద్యాలయాధికారి మొదలగు పాత్ర లవి. ప్రతివానికిని ఒక ప్రయోజనము నిర్దేశించెను. ఇవి యన్నియు రాబోవు యుద్ధమునకు పీఠిక యని యతని యూహ. కాని యుద్ధము వఱకు ఆట పోనేలేదు. ఎవరికి వారు మంతనములకును కుట్రలకును దిగిరి. ప్రయోగము చెడినదని వెస్లీ తలచెను. ఆడినవారు మాత్రము మరల నట్టిదే కావలెనని పట్టుపట్టిరి. ఆ గోష్ఠిలోని డేవ్ ఆర్నెసన్ ఈ పద్ధతిని ‘బ్లాక్‌మూర్’ అను అద్భుతప్రపంచమునకు మార్చెను. 1974లో ఆర్నెసన్, విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా నివాసియైన గ్యారీ గైగాక్స్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను మూడు చిన్న పుస్తకములుగ ప్రకటించిరి. మఱుసటి సంవత్సరము వెలువడిన ‘బ్లాక్‌మూర్’ అనుబంధమున ‘కప్పదేవాలయము’ అను సాహసము చేరినది. ఆ క్రీడకు అచ్చయిన ప్రణాళికలలో మొదటిదిగ దీనిని పేర్కొందురు.

వెస్లీ వ్రాసి యిచ్చినవి ప్రయోజనములు. అతడు ఊహించుకొని వ్రాయక విడిచినవి సంఘటనలు. అతడు వ్రాసిన భాగము ఫలించినది. ఊహించిన భాగము జరుగలేదు. ఈ భేదమును పట్టుకొనుటకు మన శాస్త్రమున తగిన పరిభాష యున్నది.

దశరూపకమున ధనంజయుడు ఇతివృత్తమును రెండు విధముల విభజించెను. బీజము, బిందువు, పతాక, ప్రకరి, కార్యము అను నైదును అర్థప్రకృతులు. ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అను నైదును అవస్థలు. మొదటివి కథకు సామగ్రి. రెండవవి ఫలమును కోరిన నాయకుని వ్యాపారమునందలి దశలు. ఈ రెంటి యన్వయమున ముఖము మొదలు నిర్వహణము వఱకు పంచసంధు లేర్పడును. ఓరుగంటి విద్యానాథుడు ప్రతాపరుద్రీయ నాటకప్రకరణమున ఈ లక్షణమునకు ఒక నాటకమునే రచించి లక్ష్యముగ చూపియుండుట తెలుగుదేశపు విద్యార్థు లెల్లరు నెఱిగినదే. నాటకమునందు సామగ్రియు వ్యాపారమును ఒకే కర్త చేతిలో నుండును గనుక ఈ విభాగము మనకు పరీక్షలలో వల్లించు పట్టికగ మిగిలిపోయినది. సాహస ప్రణాళికలో అవి నిజముగనే విడిపోవును. అర్థప్రకృతులు ప్రణాళికాకర్తవి, అవస్థలు ఆటగాండ్రవి. ఆరంభింతురో లేదో, యత్నించినచో నేరీతి యత్నింతురో వారే యెఱుగుదురు. ఇక సంధి యన్ననో, ఆ పూట బల్లచుట్టు పుట్టవలసినదే గాని ముందు వ్రాయదగినది కాదు. సంధులను వ్రాయబూనిన ప్రణాళిక ఆటగాండ్ర సొత్తును అపహరించును. బీజమునైనను సరిగ వ్రాయనిది వారిని వట్టిచేతులతో నిలుపును. మంచి ప్రణాళికలకును చెడ్డవానికిని గల తారతమ్యము ఈ సరిహద్దున తేలునని మా యభిప్రాయము.

ఈ కొలతకు మొదట నిలువదగినది గైగాక్స్ రచించిన ‘ది కీప్ ఆన్ ది బార్డర్‌లాండ్స్’. 1979–80 నాటి యీ చిన్న గ్రంథము క్రీడను క్రొత్తగ నేర్చుకొనువారి పెట్టెలో చేర్చి విక్రయింపబడుటచే మిక్కిలి వ్యాప్తిగాంచినది. సరిహద్దున నొక కోట. కొంతదూరమున నొక కొండలోయ. ఆ లోయగోడలలో గుహలు. గుహలలో కోబోల్డులు, ఆర్కులు, గాబ్లినులు, హాబ్‌గాబ్లినులు మొదలగు భిన్నజాతులు. కథ యనదగినది దీనిలో లేదు. నాయకునికి విధింపబడిన కార్యమును లేదు. కోటలోని వారికి పేరులు సైతము లేవు: దుర్గాధిపతి దుర్గాధిపతియే, వడ్డీవర్తకుడు వడ్డీవర్తకుడే. పైపైన చదివినవారు ఇది గదుల జాబితా యని త్రోసివేయుదురు.

నిదానించి చదివినచో ఆ జాబితా సంబంధములతో నిండియున్నట్లు తెలియును. గాబ్లినుల పొరుగున ఓగర్ అను మహాకాయు డొకడు కలడు. శత్రువులు మీదపడినచో గాబ్లినులు కేకవేసి, 250 బంగారు నాణెముల సంచి నొకదానిని రహస్యద్వారమున వాని గుహలోనికి విసరుదురు. వాడు వచ్చి వారి పక్షమున పోరును. ఇది ఒక చిన్న వాక్యసముదాయము. దీనిలో ఎన్ని వ్యాపారములకు తావున్నదో చూడుడు. ఓగరు ద్రవ్యమునకు లొంగువాడని తెలిసికొనిన యాటగాండ్రు అంతకు మించిన ధనము చూపి వానిని త్రిప్పుకొనవచ్చును. వాని నిద్రలోనే కడతేర్చి పిమ్మట గాబ్లినులపై పడవచ్చును. ఆ సంచినే యపహరించి పాఱిపోవచ్చును. గైగాక్స్ వీనిలో దేనిని సంఘటనగ వ్రాయలేదు. బేరమును మాత్రమే వ్రాసెను. అటులనే జాతుల నడుమ గల వైరములను మైత్రులను సూచించి, ఆటగాండ్రు వానిని ఉపయోగించుకొనవచ్చునని సూత్రధారికి చెప్పెను. హాబ్‌గాబ్లినుల చెఱలో ఒక వర్తకుడు, అతని భార్య. కోటలోపల అతిథిగ నున్న అర్చకుడు లోలోన శత్రుపక్షమువాడు. ఇవి బీజములు. వీనిని నాటు క్షేత్రము ఆటగాండ్ర సంకల్పము.

ఈ గ్రంథమున దోషములు లేవని మా మతము కాదు. గుహలలోని ప్రాణులను వారి స్త్రీబాలురతో సహా లెక్కించి, వారికి కేవలము వధ్యులను స్థానము నిచ్చిన దృష్టిని పిమ్మటివారు ఆక్షేపించిరి. అది న్యాయమైన యాక్షేపణమే. రౌద్రబీభత్సములకు మించిన రసమునకు ఇందు కర్త చోటు కల్పింపలేదు. పేరులేని పాత్రలతో శృంగారకరుణములు పుట్టుట కష్టము. అయినను ఆటగాండ్రు ఆ పాత్రలకు తామే పేరులు పెట్టుకొని, తమ కథలను తాము అల్లుకొనిరి. ఇదే కాలమున మైక్ కార్ రచించిన ‘ఇన్ సెర్చ్ ఆఫ్ ది అన్‌నోన్’ మఱియొక యడుగు ముందునకు పోయి, గదులను వర్ణించి, వానిలోని ప్రాణులకును నిధులకును గీతలు గీసి ఖాళీలు విడిచెను. సూత్రధారి పూరించుకొనవలెను. నేర్పుట కిది మంచి యుపాయమే. కాని ప్రాణికిని ప్రాణికిని గల సంబంధము ఖాళీలలో పుట్టదు. పూరణము పట్టికగనే మిగులును. మా కొలతతో చూచినచో ఇది అర్థప్రకృతులను సైతము సగమే వ్రాసిన గ్రంథము.

గైగాక్స్ రచనయే యైన ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ను గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. 1975లో ఆరిజిన్స్ అను క్రీడాసమ్మేళనమున పోటీకొఱకు కూర్పబడి, 1978లో అచ్చయినది. అకెరెరాక్ అను మాంత్రికుని సమాధి; అడుగడుగున మృత్యుయంత్రములు. పోటీ గనుక ఎవరు ఎంతదూరము పోయిరో కొలుచుటయే దీని పని. ఇది పొడుపుకథల కట్ట. పొడుపుకథకు విడుపు ఒక్కటియే. విప్పినవాని స్వభావముతో దానికి పనిలేదు. కావున దీనిని ఇతివృత్తదృష్టితో నిందించుటయు మెచ్చుటయు రెండును అప్రస్తుతములు.

అసలు వివాదము 1984లో ‘డ్రాగన్‌లాన్స్’ ప్రణాళికామాలతో మొదలైనది. ట్రేసీ హిక్‌మన్ రచించిన ‘డ్రాగన్స్ ఆఫ్ డిస్పేర్’ దీనిలో మొదటిది. మహేతిహాసమును క్రీడగ నడపవలెనను సంకల్పము దీనికి మూలము. డజనుకు మించిన గ్రంథముల పరంపర. ముందే నామరూపస్వభావములు నిర్ణయింపబడిన పాత్రలు. ప్రపంచమును గ్రమ్మిన డ్రాగన్‌సేనలు. మఱచిపోబడిన దేవతల పునరాగమనము. ఆ యేటనే మార్గరెట్ వైస్, హిక్‌మన్ కలిసి ఇదే కథను నవలగ వెలువరించిరి. గుహలగోడలతో విసిగిన వేలమంది పాఠకులకును ఆటగాండ్రకును ఇది అమృతమువలె తోచెను. గంభీరమైన వస్తువు, నాయకుల యంతఃకలహములు, కరుణము, త్యాగము, పూర్వ ప్రణాళికలలో లేని రసపుష్టి దీనిలో కలదు. ఈ గుణమును తక్కువచేసి చెప్పుట అన్యాయము.

కాని నవలయందు కథ యెటు నడచునో ఆటయందును అటే నడవవలెను. ఆటగాండ్రు వేఱుదారి పట్టినచో సేనలు దారిని మూయును. కథకు అవసరమైన పాత్రలు మరణించినచో ‘అస్పష్ట మరణ’మను నియమ మొకటి కలదు: శవము కనబడకుండునట్లు చేసిన, ఆ పాత్రను మరల ప్రవేశపెట్టవచ్చును. ఈ నియమమును చదివినపుడు మాకు దశరూపకమునందలి నిషేధము స్ఫురించెను. అధికారి యగు నాయకుని వధ నాటకమున కూడదు గదా! నాటకమున ఆ నిషేధము సార్థకము. ఫలభోక్త లేక ఫలము లేదు. ఇచట ఆటగాడు తన పాత్ర ప్రాణమును పణముగ నొడ్డుచున్నానని నమ్మి పాచిక వేయును. పణమును చాటున తిరిగి యిచ్చివేయు జూదమున గెలిచినను గెలుపు కాదు.

అయినచో ముగింపు ముందే నిర్ణీతమగుట స్వతస్సిద్ధముగ దోషమా? అవునని తొందరపడి చెప్పరాదు. మన అవధానవిద్యయందు దత్తపదియు సమస్యాపూరణమును ఉన్నవి. దత్తపదిలో పృచ్ఛకుడు పదముల నిచ్చును. పద్యము ఎటుపోవలెనో అవధాని యిష్టము. ‘కీప్’ వంటి ప్రణాళికలు దత్తపదిని పోలినవి. సమస్యయందు కడపటి పాదమే ఇయ్యబడును. చేరవలసిన స్థలము నిశ్చితము. తక్కిన పాదములలో అవధాని దానిని ఏ త్రోవను చేరునో, అసంబద్ధమైన యర్థమును ఎట్లు సుసంబద్ధము చేయునో అదియే సభకు ఆనందహేతువు. సమస్యలో స్వాతంత్ర్యము లేదని యే రసికుడును అనడు. డ్రాగన్‌లాన్స్‌ను సమర్థించువారు ఈ వాదమును మనసున నుంచుకొనినచో వారి పక్షము బలపడియుండెడిది.

అయినను ఒక భేదము కలదు. సమస్య అవధానికి చెప్పబడును. కడపటి పాదము నెఱిగినవాడై అతడు తక్కినవానిని కట్టును. డ్రాగన్‌లాన్స్ నాడు ముగింపు ఎఱిగినవాడు సూత్రధారి. ఆటగాండ్రకు అది మఱుగు. తాము నిర్ణయించుచున్నామని వారు భ్రమపడుచుండగ, నిర్ణయము ఎన్నడో జరిగి యుండును. కావున దోషము ముగింపు నిర్ణీతమగుటయందు లేదు; నిర్ణీతమైనదానిని మఱుగుపఱచి, స్వేచ్ఛ యున్నట్లు నటించుటయందున్నది. ‘ఈ కథ యిచట ముగియును, ఎట్లు ముగియునో మీరు చూపుడు’ అని మొదటనే చెప్పి యాడించు ప్రణాళికను మేము నిందింపము. ఆటగాండ్రును నిందింపరనుకొందుము.

ఆశ్చర్యమేమనగా, డ్రాగన్‌లాన్స్‌కు ఒక యేడు ముందు ఇదే ట్రేసీ హిక్‌మన్, భార్యయగు లారా హిక్‌మన్‌తో కూడి రచించిన ‘రేవెన్‌లాఫ్ట్’ ఈ చిక్కును ఎంతయో నేర్పుతో విప్పియున్నది. 1983 నాటి ఈ గ్రంథమున స్ట్రాడ్ అను రక్తపిశాచి ప్రభువు ప్రతినాయకుడు. తమ్ముని వధువును మోహించి, తమ్ముని జంపి, ఆమెను సైతము పోగొట్టుకొని, శాపగ్రస్తమైన కోటలో శతాబ్దములుగ బ్రతుకుచున్నాడు. ఊరిలోని యొక యువతియందు వానికి ఆ పోయిన ప్రియురాలి రూపు కనబడును. ఆటకు ముందు సూత్రధారి, ఆటమధ్యమున సోదెచెప్పు స్త్రీ పేకముక్కలను పఱచుదురు. స్ట్రాడ్ కోటలో నెచట దొరకును, వానిని జయించు సాధనము లెచట నున్నవి, ఈమాఱు వాడు కోరుచున్న దేమి అను విషయములు ఆ ముక్కలవలన నిర్ణయమగును. ప్రతి ప్రయోగమునందును సామగ్రి యొక్కటే, స్థానములు వేఱు. ముఖ్యమైన దేమన, విధి చెప్పిన మాట ఆటగాండ్ర చెవినికూడ పడును. వారు విధి నెఱిగి దానికి ఎదురు నడతురు. సమస్యాపూరణ ధర్మ మిచట సాధింపబడినది. ప్రతినాయకునికి గతమును, కోరికయు, దుఃఖమును ఇచ్చి, అతడు చేయబోవు పనిని మాత్రము వ్రాయక విడుచుట ఈ గ్రంథము సాధించిన విశేషము. 2016లో దీనిని విస్తరించి ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ అను పేర క్రొత్తగ వెలువరించినపుడును సోదె ఘట్టమును విడువకుండుటకు కారణము ఇదియే కావచ్చును.

ప్రతినాయకుని ప్రసంగము వచ్చినది గనుక ఇచట కొంత నిలువవలెను. అవస్థలు ఆటగాండ్రవి, వానిని వ్రాయరాదంటిమి. అయినచో ప్రణాళికలో కాలగతి యెట్లు వచ్చును? కదలిక లేని సామగ్రి వస్తుప్రదర్శనశాల యగును గదా! 2012లో వెలువడిన ‘డంజన్ వరల్డ్’ అను క్రీడాగ్రంథము దీనికొక యుపాయము చూపినది. దానికి రెండేండ్ల ముందటి ‘అపొకలిప్స్ వరల్డ్’ పద్ధతినుండి ఇది పెంపొందింపబడినది. సూత్రధారి ప్రతి యుపద్రవమునకును దుర్నిమిత్తముల వరుస నొకదానిని వ్రాసికొనును: మొదట వంతెన కూలును, పిమ్మట సామంతుడు పక్షము మార్చును, ఆపై నగరము దగ్ధమగును. ఇవి జరుగబోవునవి కావు. ఆటగాండ్రు చేతులు ముడుచుకొని కూర్చున్నచో జరుగునవి. వారు అడ్డుపడిన చోట వరుస తెగును. మా పరిభాషలో చెప్పవలెనన్న, ఈ పద్ధతియందు కర్త అవస్థలను వ్రాయుచునే యున్నాడు, కాని నాయకుని యవస్థలను గాదు, ప్రతినాయకునివి. ప్రతినాయకుని యారంభయత్నములు లిఖితములు, నాయకునివి అలిఖితములు, రెండును తాకిన చోట సంధి. దశరూపకకారుడు ప్రతినాయకునికి ప్రత్యేకముగ అవస్థలను చెప్పలేదు. చెప్పవలసిన యవసరము ఆతనికి లేకపోయెను. మన లక్షణమును ఈ మేరకు పెంచుకొనుట తప్పుగాదని తోచుచున్నది. ముద్రారాక్షసమును ఈ దృష్టితో మరల చదువుట యెవరైన పరిశోధక విద్యార్థికి తగిన పని.

బిందువు విషయమునను ఇట్టి యుపయోగ మొకటి కలదు. అవాంతర ప్రయోజనముచే కథ తెగినపుడు దానిని మరల కలుపునది బిందువు. నీటిపై నూనెచుక్క వలె వ్యాపించునని శాస్త్రము. ఆటగాండ్రు ప్రతిపూటయు కథను తెగగొట్టుదురు. సంతలో ఎవరితోనో కలహించి ప్రధానకార్యమును మఱతురు. వారిని బలవంతముగ లాగక, కథను మరల వారియెదుట నిలుపునది యేది? జాడ. ఏదైన నొక నిశ్చయమునకు ఆటగాండ్రు రావలెనన్నచో కనీసము మూడు జాడలైన నుంచవలెనని జస్టిన్ అలెగ్జాండర్ సూత్రీకరించెను. ఒకటి వారి కంటబడదు, ఒకదానిని అపార్థము చేసికొందురు, మూడవది మిగులును. మైకేల్ షే 2018 నాటి తన గ్రంథమున ఇంకను విశేషమైన మాట చెప్పెను: ప్రతిపూటకు ముందు పది రహస్యములను వ్రాసికొనవలెను, కాని అవి ఎచట, ఎవరివలన బయటపడునో వ్రాయరాదు. ఆటగాండ్రు వెదకిన చోటనే అవి దొరకును. స్థానము లేని బిందువు! నూనెచుక్క యుపమానము ఇంత సరిగ నన్వయించిన లక్ష్యము మాకు నాటకములలో దొరకలేదు.

దీనియందు ఒక ప్రమాదమును కలదు. వెదకిన చోటనే నిజము దొరకునన్నచో వెదకుటకు విలువ యేమి? సత్రములో నడిగినను, శత్రుదుర్గము చొచ్చినను ఒకే రహస్యము లభించునెడల, ప్రాణమునకు తెగించి దుర్గము చొచ్చినవాడు మోసపోయినట్లే. ఈ విషయమున మేము పాతపద్ధతివైపు మొగ్గుదుము. 1984లో లారీ డి టిల్లియో, లిన్ విల్లిస్ ప్రకటించిన ‘మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్’ అద్భుతరసప్రధానమగు క్రీడకు గాక భయానకప్రధానమగు ‘కాల్ ఆఫ్ క్తుల్హు’కు చేరినదైనను, జాడలను అమర్చుటయందు దానిని మించినది మేము చదువలేదు. 1925లో న్యూయార్కున నొక రచయిత హత్య. అతని గదిలో దొరకు కాగితములు. వానినుండి లండను, కైరో, కెన్యా, షాంఘైలకు దారులు. ఏ నగరమునకు ముందు పోవలెనో ఆటగాండ్రు నిర్ణయింతురు. జాడలకు స్థానములు నిశ్చితములే, కాని ఒక్కొక్క స్థలమునకు పెక్కు జాడలు దారితీయును. వెదకినవాని శ్రమ వ్యర్థము కాదు, వెదకనివానికి కథ ఆగదు. రెండు ధర్మములును కలిసివచ్చినవి.

పతాకాప్రకరులను గూర్చి ఒకమాట చాలును. 2014లో వెలువడిన ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ మార్గమధ్యమున గాబ్లినుల దాడితో మొదలై ఫాండలిన్ అను చిన్న యూరు చేరును. ఆ యూరిలో పలువురు పలుపనులను చెప్పుదురు. ప్రధానకార్యము నడుచుచుండగనే ఆ చిన్నపనులు ప్రకరులై చేరుచుండును. వీనిలో ఏది పతాక యగునో, ఏది ప్రకరిగనే యాగునో ఆటగాండ్ర యభిమానమే నిర్ణయించును.

కడపట శైలిని గూర్చి. పెక్కు ప్రణాళికలలో సూత్రధారి బిగ్గరగ చదివి వినిపింపవలసిన వర్ణనలు చదరపు గీతలలో నచ్చువేయబడి యుండును. ఇవి సామాన్యముగ మధ్యమపురుషమున నుండును: మీరు ద్వారము తెఱచితిరి, మీ యెదుట నొక విశాలమందిరము. ఇంతవఱకు బాగుగనే యుండును. తరువాతి వాక్యమున కర్తకు చేయి నిలువదు. మీ గుండెలు దడదడలాడినవి, భయముతో నొక యడుగు వెనుకకు వేసితిరి అని వ్రాయును. బల్లయొద్దనున్న ఖడ్గధారి ‘నేను వెనుకకు వేయలేదే’ యనును. అతడు చెప్పినది నిజము. విభావములను కర్త వ్రాయవచ్చును, అనుభావములు పాత్రధారివి. మందిరమున దీపము కొండెక్కుచున్నదని, నేలపై తడిసిన పాదముల గుర్తులు లోపలికే గాని బయటికి లేవని వ్రాసిన చాలును. భయపడుటయో, నవ్వుటయో, ఆ గుర్తుల ననుసరించుటయో, ద్వారము మూసి మరలుటయో ఆటగాడు చూచుకొనును.